సంచిలోని చేపను తొట్టెలోకి దింపే పద్ధతి

పశ్చిమ గోదావరి వైపు చేపల చెరువులు చూసినవారికి ఈ దృశ్యం కొత్త కాదు. హేచరీ నుంచి ఆక్సిజన్ ప్యాకెట్లలో వచ్చిన చేప పిల్లలను రైతు వెంటనే చెరువులో గుమ్మరించడు. కట్టు విప్పకుండానే ప్యాకెట్లను నీటి మీద తేలవేసి, కాసేపు ఆగి, ఆ తర్వాత మూతి విప్పి, చెరువు నీటిని కొద్దికొద్దిగా లోపలికి రానిచ్చి, పిల్లలు తమంతట తామే బయటికి ఈదుకుపోయేలా ప్యాకెట్టును వంచుతాడు. వేలకొద్దీ పిల్లలను వదిలే మనిషికి ఉన్న ఆ ఓపిక, అరడజను గప్పీలను ఇంటికి తెచ్చుకున్న మనకు తరచుగా ఉండదు. సంచి కోసి, నీళ్లతో సహా తొట్టెలో కుమ్మరించి, మూడో రోజున చేపలు ఒక్కొక్కటిగా తేలుతుంటే కొట్టువాడు మంచి సరుకు ఇవ్వలేదని సరిపెట్టుకుంటాము.

రైతు పద్ధతిలో ఒక్కటి మాత్రం మన ఇళ్లకు పనికిరాదు. ఎకరాల చెరువులో సంచి నీరు కలిసినా లెక్కలోకి రాదు గాని, యాభై లీటర్ల తొట్టెలో అది లెక్కలోకి వస్తుంది. అందువల్ల ఇంటి తొట్టె విషయంలో చేప మాత్రమే లోపలికి పోవాలి, దానితో వచ్చిన నీరు బయటే ఉండిపోవాలి. ఈ వ్యాసంలో చెప్పే జాగ్రత్తలలో చాలావరకు ఈ ఒక్క నియమం చుట్టూ తిరిగేవే.

కొట్టుకు వెళ్లకముందే తేలవలసిన సంగతి

తొట్టె, చేపలు ఒకే రోజున కొనడం మన దగ్గర మామూలే. పుట్టినరోజుకు పిల్లవాడు అడిగాడనో, వాస్తు ప్రకారం ఈశాన్యంలో నీళ్లుండాలన్నారనో సాయంత్రం తొట్టె కొని రాత్రికల్లా చేపలను వదిలేస్తారు. ఆ తొట్టెలోని నీరు కంటికి అద్దంలా ఉన్నా, చేప బతకడానికి కావలసిన సూక్ష్మజీవులు అందులో ఇంకా పుట్టలేదు. చేప మొప్పల ద్వారా, విసర్జన ద్వారా అమ్మోనియా వదులుతుంది. మిగిలిపోయిన మేత కుళ్లినా అదే అమ్మోనియా పుడుతుంది. ఫిల్టర్‌లోని స్పాంజి మీద, అడుగున ఉన్న గులకరాళ్ల మీద స్థిరపడే ఒక రకం బ్యాక్టీరియా ఆ అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. మరొక రకం ఆ నైట్రైట్‌ను, దానికంటే చాలా తక్కువ హాని చేసే నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ రెండు రకాలూ చాలినంతగా పెరగడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు నీటిలో అమ్మోనియా, ఆ తర్వాత నైట్రైట్ పేరుకుంటాయి. అమ్మోనియా మొప్పలను కాల్చినంత పని చేస్తుంది. నైట్రైట్ రక్తంలోకి చేరి ఆక్సిజన్‌ను మోసే శక్తిని దెబ్బతీస్తుంది, దానితో నీటిలో గాలి పుష్కలంగా ఉన్నా చేపకు ఊపిరాడదు.

కాబట్టి అక్వేరియం కొట్లలో దొరికే పరీక్ష కిట్టుతో చూసినప్పుడు అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపే వరకు చేపలను తేకపోవడం మేలు. ఖాళీ తొట్టెలో రోజూ చిటికెడు మేత వేస్తూ ఫిల్టర్‌ను ఆపకుండా నడిపితే ఆ బ్యాక్టీరియాకు ఆహారం దొరుకుతుంది. ఎరిగినవారి ఇంట్లో ఏళ్లుగా నడుస్తున్న, జబ్బులు లేని తొట్టె ఉంటే, వాడిన స్పాంజి ముక్కను తడి ఆరకుండా తెచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టుకోవడం అంతకంటే తేలిక. నెల రోజుల పని చాలావరకు తగ్గిపోతుంది.

నీటి విషయంలో మన ఊళ్లలో రెండు రకాల చిక్కులున్నాయి. మున్సిపల్ కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. భారత ప్రమాణాల ప్రకారం తాగునీరు ఇంటి కుళాయి దగ్గరికి వచ్చేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మనకు రక్షణ ఇచ్చే ఆ క్లోరిన్ చేప మొప్పలకు, పైన చెప్పిన బ్యాక్టీరియాకు విషం. వెడల్పాటి పాత్రలో నీళ్లు పట్టి, ఏరేటర్ (నీటిలోకి గాలి బుడగలు వదిలే పరికరం) పెట్టి ఒక రోజంతా ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది. తొందరగా కావాలంటే కొట్లలో హైపో పలుకులు లేదా యాంటీ క్లోరిన్ పేరుతో దొరికే సోడియం థయోసల్ఫేట్ వాడవచ్చు. ఒక మిల్లీగ్రాము క్లోరిన్‌కు సుమారు ఏడు మిల్లీగ్రాముల పలుకులు కావాలి, అంటే వంద లీటర్లకు ఒక చిన్న చిటికెడు చాలు.

బోరు నీటిలో క్లోరిన్ ఉండదు గాని గట్టిదనం ఉంటుంది. హైదరాబాద్ శివార్లలో బోరు నీటి టీడీఎస్ (లీటరు నీటిలో కరిగిన లవణాలు, మిల్లీగ్రాములలో) 800, 1000 దాటడం వింతేమీ కాదు. గప్పీలు, మోలీలు అలాంటి నీటిలో సుఖంగా ఉంటాయి. నియాన్ టెట్రాలకు లవణాలు తక్కువగా ఉన్న మెత్తని నీరు కావాలి. కేవలం ఆర్వో నీరు మాత్రం ఏ చేపకూ మంచిది కాదు, ఎందుకంటే అందులో ఉండవలసిన లవణాలు కూడా ఉండవు. నా ఉద్దేశంలో, మొదటిసారి తొట్టె పెట్టేవారు తమ ఇంటి నీటికి తగిన చేపను ఎంచుకోవాలి తప్ప, ముచ్చటపడిన చేప కోసం నీటిని మార్చే ప్రయత్నానికి దిగకూడదు.

కొట్లో చూసుకోవలసినవి

తెలుగు రాష్ట్రాల కొట్లకు వచ్చే రంగు చేపలలో చాలా భాగం చెన్నై కొళత్తూరు నుంచీ కోల్‌కతా నుంచీ వస్తాయి. రైల్లోనో బస్సులోనో ఒక రాత్రి ప్రయాణించి, పొద్దున్నే కొట్టు తొట్టెలో పడిన చేపను ఆ సాయంత్రమే మళ్లీ సంచిలో కట్టించుకుంటే, ఒక్క రోజులో దానికి ఇది మూడో నీరు అవుతుంది. అందువల్ల సరుకు ఎప్పుడు వచ్చిందని అడగండి. నిన్నా మొన్నా వచ్చిందంటే, కొంత అడ్వాన్సు ఇచ్చి వారం తర్వాత వచ్చి తీసుకుంటానని చెప్పండి. తెలిసిన కొట్టువారు ఒప్పుకుంటారు. ఆ వారంలో చచ్చేవి అక్కడే చస్తాయి. ఇది కొంచెం కటువుగా వినిపించినా నిజం.

ఎంచుకున్న చేపకు మీ ఎదుట కాస్త మేత వేయించి చూడండి. పైకి వచ్చి గబగబా తింటే సగం నమ్మవచ్చు. వాజాలు (ఈదే రెక్కలు) ముడుచుకుని మూలన నిలబడినది, రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటున్నది, ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలున్నది, కడుపు లోపలికి పీక్కుపోయినది వద్దు. అదే తొట్టెలో ఒక్క చచ్చిన చేప కనిపించినా, మిగిలినవి ఎంత చురుగ్గా ఉన్నా ఆ తొట్టెలోంచి ఏదీ తీసుకోకండి. నీరు నీలంగానో పసుపుగానో ఉంటే ఏదో మందు పోసి ఉన్నారని అర్థం; దేనికి పోశారో అడిగి తెలుసుకోండి.

సంచి కట్టించేటప్పుడు మూడో వంతు నీరు, రెండు వంతుల గాలి ఉండేలా చూడాలి. ఎక్కువ నీళ్లుంటే చేపకు మేలని చాలామంది అనుకుంటారు గాని, దారిలో చేపకు అందే ఆక్సిజన్‌లో చాలా భాగం పైనున్న గాలిలోంచే నీటిలోకి కరుగుతుంది. అరగంట దూరానికి మామూలు గాలి సరిపోతుంది. రెండు మూడు గంటలు దాటితే ఆక్సిజన్ నింపించండి. సంచి అడుగు మూలలను రబ్బరు బ్యాండ్లతో ముడిచి గుండ్రంగా చేయకపోతే చిన్న చేపలు ఆ మూలల్లో ఇరుక్కుని నలిగిపోతాయి. కోరీడోరాస్ వంటి ముళ్లున్న క్యాట్‌ఫిష్ అయితే ఒక సంచిలో మరో సంచి తప్పనిసరి.

ఇక దారి. బండి హ్యాండిల్‌కు సంచి తగిలించుకుని మే నెల ఎండలో రావడమంటే చేపను వెచ్చబెట్టి తెచ్చినట్టే. మూతతో చిన్న థర్మోకోల్ పెట్టె ఒకటి కొని ఉంచుకుంటే ఎండాకాలంలోనూ చలికాలంలోనూ పనికొస్తుంది; చీకటిగా ఉండడం వల్ల చేప బెదరదు కూడా. పెట్టె లేకపోతే న్యూస్‌పేపర్లో చుట్టి, నీడ పట్టున పట్టుకురండి. కారులో అయితే ఏసీ గాలి సూటిగా తగిలే చోట పెట్టకండి.

ఇంటికి వచ్చాక

ముందుగా తొట్టె దీపం ఆర్పేయండి. గదిలో వెలుతురు కూడా మందంగా ఉంటే మంచిది. కట్టు విప్పని సంచిని తొట్టె నీటి మీద పదిహేను ఇరవై నిమిషాలు తేలనివ్వండి. సంచి ఒళ్లంతా మురికి చేతులు తాకి ఉంటాయి కనుక, తేలవేసే ముందు పైన ఒకసారి కడగడం మరిచిపోకండి. ఈ తేలవేయడం వల్ల రెండు నీళ్ల వేడి ఒకటవుతుంది, అంతే. నీటి గుణం మీద దాని ప్రభావం ఏమీ లేదు. చాలా ఇళ్లలో పొరపాటు ఇక్కడే జరుగుతుంది: అరగంట తేలింది కదా, చేపకు కొత్త నీరు అలవాటైపోయిందని అనుకుంటారు.

వేడి ఎంత ముఖ్యమో నాకు తెలిసివచ్చిన తీరు ఇలా ఉంది. హైదరాబాద్‌లో ఒక మే నెల మధ్యాహ్నం, మేడ మీది నల్ల ట్యాంకు నుంచి వచ్చే కుళాయి నీటితోనే తొట్టెలో సగం నింపి, అందులోకి ఏసీ కొట్లోంచి తెచ్చిన ప్లాటీలను దింపాను. నీళ్లు వెచ్చగా ఉన్నాయని చేతికి తెలిసింది గాని, తొట్టెలో కలిసి చల్లారుతాయిలే అనుకున్నాను. సాయంత్రానికి తొమ్మిదింటిలో రెండు మిగిలాయి. అప్పటి నుంచి ముప్పై రూపాయల గాజు థర్మామీటర్ లేకుండా నేను తొట్టె జోలికి వెళ్లలేదు. ఉష్ణమండలపు చేపలలో ఎక్కువ వాటికి 24 నుంచి 28 డిగ్రీలు సరిపోతుంది. గోల్డ్‌ఫిష్‌కు అంతకంటే చల్లని నీరు హాయి. సంచి నీటికి, తొట్టె నీటికి తేడా ఒకటి రెండు డిగ్రీలకు మించకూడదు.

వేడి సమానమయ్యాక ఏం చేయాలన్నది, చేప సంచిలో ఎంతసేపు ఉందన్న దాన్నిబట్టి ఉంటుంది. ఈ తేడాను చాలామంది పట్టించుకోరు కనుక కొంచెం వివరంగా చెబుతాను.

చేప సంచిలో గంటా రెండు గంటలు మాత్రమే ఉంటే నింపాదిగా నీరు కలపవచ్చు. సబ్బు తగలని శుభ్రమైన బకెట్టులోకి చేపతో సహా సంచి నీటిని పోసి, ఐదు నిమిషాలకొకసారి టీ గ్లాసుడు తొట్టె నీరు కలుపుతూ పోండి. బకెట్టులో నీరు రెండింతలయ్యేసరికి అరగంట, ముప్పావుగంట గడుస్తుంది. ఏరేటర్‌కు వాడే సన్నని గొట్టం ఉంటే పని ఇంకా తేలిక: ఒక కొస తొట్టెలో ముంచి, రెండో కొసను బకెట్టులోకి వదిలి, మధ్యలో వదులుగా ముడి వేసి ధారను తగ్గించండి. సెకనుకు నాలుగైదు చుక్కలు పడితే లీటరు నీరు గంటలో దాదాపు రెట్టింపవుతుంది. చేతిలో టీడీఎస్ మీటరు ఉంటే రెండు నీళ్లనూ చూడండి. తేడా వందలోపు ఉంటే ఇంత సాగదీయనక్కరలేదు, ఐదు వందలుంటే కనీసం గంటసేపైనా కలపండి. బకెట్టు మీద తువ్వాలు కప్పండి, ఎందుకంటే బెదిరిన చేప ఎగిరి నేల మీద పడడానికి క్షణం చాలు. చలికాలపు రాత్రుల్లో బకెట్టు నీరు తొందరగా చల్లారుతుందని కూడా గుర్తుంచుకోండి.

చేప వేరే ఊరి నుంచి పార్సిల్‌లో, పన్నెండు గంటలో ఇరవై నాలుగు గంటలో సంచిలో ఉండి వస్తే ఈ నింపాది పద్ధతే ప్రమాదం. మూసిన సంచిలో చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగి పీహెచ్‌ను, అంటే నీటి ఆమ్ల క్షార గుణాన్ని తెలిపే అంకెను, దించుతుంది. చేప వదిలిన అమ్మోనియా కూడా అందులోనే పేరుకుంటుంది గాని, పీహెచ్ తక్కువగా ఉన్నంతసేపు అది దాదాపు హాని లేని అమ్మోనియం రూపంలో ఉంటుంది. సంచి మూతి విప్పగానే కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది, పీహెచ్ పైకి లేస్తుంది, అమ్మోనియం కాస్తా విషపు అమ్మోనియాగా మారుతుంది. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే ఆ విషం పాలు సుమారు పది రెట్లవుతుంది. అలాంటి నీటిలో గంటసేపు చుక్కచుక్కగా బోరు నీరు కలుపుతూ కూర్చుంటే, అలవాటు చేస్తున్నామనుకుంటూనే చేపను విషంలో నానబెట్టినవారమవుతాము.

అందుకని దూరం నుంచి వచ్చిన చేప కోసం ముందుగానే విడి తొట్టెలో నీరు సిద్ధం చేసుకోవాలి. తమ నీటి పీహెచ్, టీడీఎస్ ఎంతో అమ్మినవారిని అడిగి, వీలైనంత దగ్గరగా ఉండేలా ఆర్వో నీరు, బోరు నీరు కలిపి అమర్చుకోండి. కట్టు విప్పకుండా సంచిని తేలవేసి వేడిని సమానం చేసి, విప్పిన వెంటనే చేపను తీసి ఆ నీటిలోకి దింపండి. మీ ఇంటి నీటికి దాన్ని ఆ తర్వాత పది పదిహేను రోజుల మీద, నీరు మార్చినప్పుడల్లా కొంచెం కొంచెంగా అలవాటు చేయవచ్చు. హైపో పలుకులు అమ్మోనియాను ఏమీ చేయలేవు. వాటి పని క్లోరిన్‌తోనే.

చేపను పట్టుకోవడం

ఒట్టి చేత్తో చేపను పట్టకండి. దాని ఒంటి మీదున్న జిగురు పొర సూక్ష్మజీవుల నుంచి కాపాడే కవచం. పొడి చేయి తగిలితే ఆ పొర ఊడిపోతుంది. తప్పనిసరై తాకవలసివస్తే చేతిని సబ్బు లేకుండా కడిగి, తొట్టె నీటిలో తడుపుకోవాలి. వల వాడేటట్లయితే మెత్తని గుడ్డ వంటి జాలీ ఉన్నది, చేపకు రెండింతలుండేది తీసుకోండి. చిన్న వలతో తరమడం కంటే పెద్ద వలను కదలకుండా పట్టుకుని చేపనే అందులోకి తోలడం మంచిది. వలను నీటిలోంచి ఎత్తగానే అరచేతిని అడుగున ఆనించి, పైమూతి మడిచి, రెండు మూడు సెకన్లలో తొట్టెలో ముంచి తిరగేయండి. తొట్టెలోకి పైనుంచి జారవిడవకూడదు. వల నీటిలో మునిగాకే చేప బయటికి రావాలి.

ముళ్లున్న చేపలకు, పొడవాటి వాజాలున్న ఫైటర్ చేపలకు వల అసలు వద్దు. కోరీడోరాస్ భయపడితే ముళ్లను విప్పి బిగిస్తుంది. అవి జాలీలో చిక్కుకుంటే లాగకండి. వలను నీటిలోనే ఉంచి కాసేపు ఆగితే అదే ముడుచుకుంటుంది. కాకపోతే ఆ చోట జాలీని కత్తిరించండి, వల పోయినా చేప దక్కుతుంది. ఇలాంటి వాటిని ప్లాస్టిక్ డబ్బాతోనో గిన్నెతోనో నీటితో సహా తోడి, బకెట్టు మీద ఆ నీటిని వీలైనంత వంచేసి, చేపను మాత్రం తొట్టెలోకి దింపాలి. నాలుగు చుక్కల సంచి నీరు లోపల పడితే కంగారు పడనక్కరలేదు.

విడి తొట్టె ఎందుకు

ఇప్పటికే చేపలున్న తొట్టెలోకి కొత్తదాన్ని సూటిగా దింపకండి. కరోనా తర్వాత క్వారంటైన్ అంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కరలేదు గాని, చేపల విషయంలో దాన్ని పాటించేవారు తక్కువ. ఇరవై ముప్పై లీటర్ల ప్లాస్టిక్ టబ్బు, స్పాంజి ఫిల్టర్, దాక్కోవడానికి ఒక మట్టి కుండ పెంకు, మూత ఉంటే చాలు. స్పాంజిని ముందు నుంచే పెద్ద తొట్టెలో ఉంచి నానబెట్టి ఉంటే విడి తొట్టె అక్కరకు వచ్చిన రోజున బ్యాక్టీరియా సిద్ధంగా ఉంటుంది.

తెల్ల మచ్చల జబ్బునే తీసుకోండి. దాన్ని తెచ్చే పరాన్నజీవి చేప చర్మం కింద కొన్నాళ్లు పెరిగి, రాలి అడుగుకు చేరి, అక్కడ వందలుగా విడిపోయి, మళ్లీ చేపను వెతుక్కుంటూ ఈదుతుంది. చర్మం కింద ఉన్నప్పుడు మందు దాన్ని తాకదు, ఈదే దశలోనే చస్తుంది. 25 డిగ్రీల దగ్గర ఈ చక్రం తిరగడానికి సుమారు వారం పడుతుంది. చల్లని నీటిలో ఇంకా ఎక్కువ. అందుకే కొన్న రోజున అద్దంలా మెరిసిన చేప ఆరో రోజున చుక్కలు చూపిస్తుంది. కనీసం రెండు వారాలు, ఓపిక ఉంటే నాలుగు వారాలు విడిగా ఉంచండి. జబ్బు కనిపించకముందే మందులు పోసే అలవాటును నేను సమర్థించను. ఊరికే పోసిన మందు ఫిల్టర్ బ్యాక్టీరియాను కూడా చంపవచ్చు.

విడి తొట్టెకు వల, మగ్గు, గొట్టం వేరుగా ఉంచండి. పెద్ద తొట్టె పని ముందు, విడి తొట్టె పని తర్వాత చేస్తే చేతులతో జబ్బు అటు నుంచి ఇటు రాదు.

మొదటి రోజులు

దింపిన రోజున మేత వేయకండి, దీపం వెలిగించకండి. చేప ఆ రాత్రి మూలన దాక్కున్నా, రంగు వెలిసినట్టు కనిపించినా అది భయమే తప్ప జబ్బు కాదు. మరుసటి రోజు రెండు మూడు పలుకుల మేత వేసి చూడండి. ఐదు నిమిషాల్లో తినకపోతే తీసేయండి. పాత చేపలు తరుముతుంటే లోపలి రాళ్లను, మొక్కలను అటూ ఇటూ మార్చితే ఎవరి చోటు ఎవరిదో తేలక కొన్నాళ్లు సర్దుకుంటాయి. ఒకేసారి నాలుగైదు చిన్న చేపలకు మించి కలపకండి, మళ్లీ కలపడానికి రెండు వారాలు ఆగండి. దింపిన మొదటి వారంలో రోజు విడిచి రోజు అమ్మోనియా, నైట్రైట్ చూడండి. ఏది కనిపించినా, క్లోరిన్ తీసి, తొట్టె నీటితో సమానమైన వేడిలో ఉన్న నీటితో మూడో వంతు మార్చండి. చేప పైకి వచ్చి నోరు తెరిచి గాలి మింగుతుంటే ముందు ఏరేటర్ పెంచండి, ఆ తర్వాత నీటిని పరీక్షించండి. ఫైటర్, గౌరామీ మాత్రం పుట్టుకతోనే పైగాలి పీల్చే చేపలు కనుక వాటిని చూసి హడలిపోనక్కరలేదు.

అద్దం నాకుతుందని కొట్టువారు అంటగట్టే సక్కర్ చేప విషయంలో ఒక మాట. రెండంగుళాల పిల్లగా వచ్చి అడుగు దాటి పెరుగుతుంది. అప్పుడు దాన్ని దగ్గరి చెరువులో వదిలేసేవారున్నారు. మన కాలువల్లో, చెరువుల్లో జాలర్ల వలలకు చిక్కి వలలను చింపుతున్నది అలా వదిలిన చేపల సంతతే. తొట్టెలో పట్టకపోతే తిరిగి కొట్టుకే ఇచ్చేయండి. సంచిలో మిగిలిన నీటిని కూడా చెరువు వైపు పోయే కాలువలో పోయకుండా, పెరటిలో పూలమొక్కల మొదట్లో పోసి, వాడిన వలను, బకెట్టును ఎండలో పూర్తిగా ఆరబెట్టండి.